కంప్యూటర్‌లో దొంగ యాంటీవైరస్ దూరితే ఎలా తీసేయాలి

స్క్రీన్ మొత్తం ఎర్రగా మారిపోయి, సైరన్ మోగుతూ, "మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని ఒక ఆడగొంతు ఇంగ్లీషులో హెచ్చరిస్తుంటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఉండే మన తెలుగు ఇళ్లలో ఆ టెన్షన్ ఇంకాస్త ఎక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో బజారులో ఒడియా, స్క్రీన్ మీద ఇంగ్లీషు, ఆ నంబరుకు ఫోన్ చేస్తే అవతలివాడు మాట్లాడేది హిందీ. ఇన్నిటి మధ్య అసలు సంగతేమిటో నిదానంగా చెప్పేవాళ్లు దొరకరు. అందుకే స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఏ మాట కనిపిస్తుందో అదే మాటను తెలుగు అక్షరాల్లో రాస్తూ వరసగా చెబుతాను. ఫోన్‌లో ఇది తెరిచి పక్కన పెట్టుకుని, ఒక్కో పనీ చేసుకుంటూ వెళ్లండి.

ఇలా భయపెట్టే దొంగ యాంటీవైరస్‌ను తీసేయడానికి పైసా ఖర్చు లేదు. విండోస్ 10, విండోస్ 11 ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అనే అసలు యాంటీవైరస్ ముందే ఉంటుంది. ఎక్కువ ఇళ్లలో అదే సరిపోతుంది.

ముందు నెట్ ఆపండి

వైఫై అయితే రూటర్ స్విచ్ ఆపేయండి. ఫోన్ హాట్‌స్పాట్‌తో నడుస్తుంటే ఫోన్‌లో హాట్‌స్పాట్ తీసేయండి. వైరు అయితే పీకేయండి. నెట్ లేకపోతే బయటివాడు లోపలికి రాలేడు, లోపలి సమాచారం బయటికి పోదు. మీరు నెమ్మదిగా ఆలోచించుకోవడానికి టైమ్ దొరుకుతుంది.

ఆ ఎర్ర బొమ్మలో ఏదీ నొక్కకండి. మూలలో కనిపించే ఇంటూ గుర్తు కూడా వద్దు. చాలాసార్లు అది నిజమైన క్లోజ్ బటన్ కాదు, బొమ్మలో గీసిన గీత. దాని మీద నొక్కితే డౌన్‌లోడ్ మొదలుకావచ్చు. కీబోర్డుతోనే మూయండి.

ఎస్కేప్ కీని కొన్ని సెకన్లు అలాగే నొక్కి పట్టుకోండి. స్క్రీన్ నిండా ఉన్న పేజీ చిన్నదై, పైన బ్రౌజర్ ట్యాబ్‌లు కనిపిస్తాయి. కనిపించగానే ఆల్ట్ కీతో పాటు ఎఫ్ 4 నొక్కితే బ్రౌజర్ మూతపడుతుంది. అలా పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో గూగుల్ క్రోమ్ గానీ మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ గానీ, మీరు వాడే బ్రౌజర్ పేరు మీద ఒకసారి నొక్కి ఎండ్ టాస్క్ అనండి. అదీ కుదరకపోతే పవర్ బటన్‌ను పది సెకన్లు పట్టుకుని కంప్యూటర్‌ను ఆపేయండి. దానివల్ల సేవ్ చేయని పని పోవచ్చు గానీ, మిగతా ఫైళ్లకు మామూలుగా ఏమీ కాదు.

బ్రౌజర్‌ను మళ్లీ తెరిచినప్పుడు రీస్టోర్ పేజెస్ అని అడుగుతుంది. వద్దనండి. ఒప్పుకుంటే అదే పేజీ, అదే సైరన్ మళ్లీ వస్తాయి.

ఇప్పటికే ఆ నంబరుకు ఫోన్ చేసి, వాడు చెప్పిన యాప్ ఏదైనా పెట్టి ఉంటే, కార్డు నంబరో ఓటీపీనో చెప్పి ఉంటే, ఇక్కడ ఆగి కింద డబ్బు గురించి రాసిన భాగానికి వెళ్లండి. ఆ పని ముందు. కంప్యూటర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అది పేజీయా, ప్రోగ్రామా?

ఇది తేల్చుకోకుండా ఏ పనీ మొదలుపెట్టకండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఇవి మూడు రకాలు. మొదటిది ఉత్త వెబ్ పేజీ. బ్రౌజర్ మూస్తే పోతుంది, కంప్యూటర్‌లోకి ఏదీ రాలేదు. రెండోది బ్రౌజర్ నోటిఫికేషన్. స్క్రీన్ కుడివైపు కింద మూలలో పదే పదే "వైరస్ ఉంది, మీ ప్లాన్ అయిపోయింది" అని చిన్న డబ్బా తేలుతుంది. మూడోది నిజంగా ఇన్‌స్టాల్ అయిపోయిన దొంగ ప్రోగ్రామ్.

తేల్చుకోవడం తేలిక. నెట్ ఆపే ఉంచి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. బ్రౌజర్ తెరవకుండా ఐదు నిమిషాలు చూడండి. ఏమీ రాకపోతే అది పేజీనో నోటిఫికేషనో అయి ఉంటుంది. నెట్ లేకుండా, బ్రౌజర్ తెరవకుండానే ఏదో విండో తెరుచుకుని స్కాన్ మొదలుపెడితే అది ప్రోగ్రామే.

గుణుపురంలో రిటైరైన మాస్టారొకరు ఫోన్ చేశారు. "బాబూ, మా సిస్టమ్ కూత పెట్టేస్తోంది. సీ డ్రైవ్‌లో వైరస్‌లు దొరికాయంట. నంబరిచ్చాడు, చెయ్యమంటావా?" అన్నారు. "వద్దు మాస్టారూ. నెట్ ఆపీండి ముందు. ఆ స్కాన్ ఎంతసేపట్లో అయిపోయింది?" అని అడిగాను. "చిటికెలో అయిపోయిందిరా." అక్కడే దొరికిపోయింది. హార్డ్ డిస్క్ ఉన్న పాత కంప్యూటర్‌లో అసలు యాంటీవైరస్ పూర్తిగా వెతకాలంటే గంట దాటవచ్చు. పది సెకన్లలో వందశాతం అయిపోయిందంటే అక్కడ ఏమీ వెతకలేదు, కదిలే బొమ్మ ఒకటి చూపించారంతే. అలాంటి పేజీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరుచుకున్నా ఒక్కోసారి సీ డ్రైవ్, విండోస్ ఫోల్డర్ అనే చూపిస్తుంది. ఫోన్‌లో సీ డ్రైవే ఉండదు.

ఇంకో గుర్తు ఫోన్ నంబరు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే అసలు హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదని ఆ కంపెనీయే చెబుతుంది. స్క్రీన్ మీద వైరస్ మాట, పక్కన ఫోన్ నంబరు కలిసి కనిపించాయంటే ఇంక అనుమానం పెట్టుకోకండి. పేరున్న యాంటీవైరస్ కంపెనీల లోగోలు ఉన్నా నమ్మకండి, వాటిని ఎవరైనా కాపీ చేసి అతికించగలరు.

నోటిఫికేషన్లయితే

ఇంట్లో పిల్లలు క్రికెట్ చూడ్డానికో కొత్త తెలుగు సినిమా కోసమో ఏదో సైట్ తెరుస్తారు. అక్కడ "నేను రోబోను కాను, అలౌ నొక్కండి" అని వస్తుంది. నొక్కుతారు. వాళ్లు ఒప్పుకున్నది ఆ సైటు ఎప్పుడు కావాలంటే అప్పుడు మన స్క్రీన్ మీద మాట్లాడడానికి. ఆ తర్వాత సినిమా సంగతి అందరూ మర్చిపోతారు, హెచ్చరికలు మాత్రం రోజూ వస్తూనే ఉంటాయి.

ఈసారి ఆ డబ్బా వచ్చినప్పుడు పెద్ద అక్షరాలు వదిలేసి చిన్న అక్షరాలు చదవండి. గూగుల్ క్రోమ్ అనో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ అనో ఉండి, దాని పక్కనో కిందో ఎప్పుడూ వినని సైట్ పేరు ఒకటి ఉంటుంది. దొంగ అడ్రసు అదే. కాగితం మీద రాసుకోండి.

క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. కిందికి వెళితే నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి పొందిన సైట్ల జాబితా ఉంటుంది. రాసుకున్న పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి రిమూవ్ గానీ బ్లాక్ గానీ ఎంచుకోండి. ఆ ఒక్కటే కాదు, మీకు తెలియని ప్రతి పేరునూ తీసేయండి. ఎడ్జ్ వాడేవాళ్లు సెట్టింగ్స్ తెరిచి, వెతికే పెట్టెలో నోటిఫికేషన్స్ అని కొడితే అలాంటి జాబితానే వస్తుంది. ఎడ్జ్‌లో 2025లో స్కేర్‌వేర్ బ్లాకర్ అనే సెట్టింగ్ కూడా వచ్చింది. స్క్రీన్‌ను ఆక్రమించి భయపెట్టే పేజీలను ఆపడానికే అది పెట్టారు. ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

తర్వాత ఎక్స్‌టెన్షన్స్, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, చూడండి. మీరు కావాలని పెట్టుకోనిది ఏది కనిపించినా రిమూవ్ చేయండి. కూపన్లు, పీడీఎఫ్ కన్వర్టర్, వీడియో డౌన్‌లోడర్ లాంటి పేర్లతో దూరినవి ఇక్కడే దొరుకుతాయి.

ప్రోగ్రామయితే

ఇది కాస్త ఓపికగా చేయాల్సిన పని. ఈ మోసం కొత్తది కాదు. విన్‌ఫిక్సర్, ఎక్స్‌పీ యాంటీవైరస్ లాంటి పేర్లతో అమ్మిన ముఠా మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో కేసు పెట్టింది. పది లక్షల మందికి పైగా మోసపోయారని చెప్పింది. 2012లో ఆ కేసులో కోర్టు 16.3 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. అప్పటికీ ఇప్పటికీ పద్ధతి ఒకటే. లేని వైరస్‌ను చూపిస్తారు, దాన్ని తీయడానికి డబ్బు అడుగుతారు, అసలు యాంటీవైరస్ తెరవబోతే అడ్డుపడతారు. ఆ అడ్డును దాటడానికే సేఫ్ మోడ్.

సేఫ్ మోడ్‌లో విండోస్ తనకు తప్పనిసరైన వాటితోనే లేస్తుంది, చాలా దొంగ ప్రోగ్రాములు నిద్రలోనే ఉండిపోతాయి. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని, స్టార్ట్ మెనూలో పవర్, రీస్టార్ట్ నొక్కండి. నీలం స్క్రీన్ వస్తుంది, అది విండోస్‌దే, కంగారు వద్దు. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఈ వరసలో వెళ్లండి. మళ్లీ లేచాక నంబర్లతో జాబితా చూపిస్తుంది. 4 నొక్కితే నెట్ లేని సేఫ్ మోడ్. 5 నొక్కితే నెట్‌తో కూడిన సేఫ్ మోడ్. మీకు కావలసింది 4. కొన్ని కంప్యూటర్లలో ఇక్కడ పిన్ పనిచేయక అసలు పాస్‌వర్డ్ అడుగుతుంది, కాబట్టి మొదలుపెట్టే ముందే అది గుర్తుందో లేదో చూసుకోండి.

లోపలికి వెళ్లాక స్క్రీన్ మూలల్లో సేఫ్ మోడ్ అని రాసి ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్ తెరిచి అన్‌ఇన్‌స్టాల్ ఎ ప్రోగ్రామ్ నొక్కండి. ఇన్‌స్టాల్డ్ ఆన్ అనే వరస మీద నొక్కితే ప్రోగ్రాములన్నీ తేదీ ప్రకారం సర్దుకుంటాయి. గొడవ ఎప్పుడు మొదలైందో ఆ తేదీ దగ్గర ఏమేం వచ్చాయో చూడండి. దొంగది ఒంటరిగా రాదు, అదే రోజున వచ్చిన క్లీనర్, డ్రైవర్ అప్‌డేటర్, స్పీడ్ బూస్టర్ లాంటివి పక్కనే ఉంటాయి. అన్నీ తీసేయండి. తీసేటప్పుడు "నిజంగా తీసేస్తారా, రక్షణ పోతుంది" అని రెండు మూడుసార్లు బతిమాలుతుంది, బటన్లు అటూఇటూ మారుస్తుంది. చదివి నొక్కండి. సేఫ్ మోడ్‌లో కొన్ని అన్‌ఇన్‌స్టాల్ కావు. వాటి పేర్లు రాసుకుని, మామూలుగా లేచాక తీయండి.

టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అనే భాగం చూడండి. కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతట అవే లేచేవన్నీ అక్కడ ఉంటాయి. అర్థంలేని అక్షరాల పేరుతో ఏదైనా ఉంటే దాని మీద మౌస్ కుడి బటన్ నొక్కి ఓపెన్ ఫైల్ లొకేషన్ అనండి. టెంప్ ఫోల్డర్లోనో, యాప్‌డేటాలో గజిబిజి పేరున్న ఫోల్డర్లోనో తేలితే అనుమానించాల్సిందే. ముందు డిసేబుల్ చేయండి. ఫైలును మీ చేతులతో డిలీట్ చేయకండి, ఆ పని స్కాన్‌కు వదిలేయండి. యాప్‌డేటాలో మంచి ప్రోగ్రాములు కూడా ఉంటాయి.

ఇప్పుడు అసలు స్కాన్

కంప్యూటర్‌ను మామూలుగా రీస్టార్ట్ చేసి నెట్ పెట్టండి. స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ అని కొట్టి తెరవండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ప్రొటెక్షన్ అప్‌డేట్స్ దగ్గర చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి. అది పూర్తయ్యాక స్కాన్ ఆప్షన్స్‌లో ఫుల్ స్కాన్ పెట్టి వంట పనో పొలం పనో చూసుకోండి.

ఆ తర్వాత అదే చోట మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటుంది. ఇది తప్పకుండా చేయండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి అడ్డుపడలేవు. సుమారు పదిహేను నిమిషాలు పడుతుంది. మన వైపు కరెంటు సంగతి తెలిసిందే కదా. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా సాయంత్రం గాలివాన ముందు మొదలుపెట్టకండి. దొరికినవన్నీ ప్రొటెక్షన్ హిస్టరీలో కనిపిస్తాయి.

రెండో అభిప్రాయం కావాలనుకుంటే మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ ఉచితం. డౌన్‌లోడ్ చేసిన పది రోజులకు గడువు తీరిపోతుంది, కాబట్టి పాతది దాచుకోకుండా ప్రతిసారీ కొత్తది తెచ్చుకోండి. బ్రౌజర్‌కు అంటుకున్న ప్రకటనల చెత్తకు ఆడ్‌డబ్ల్యుక్లీనర్ బాగా పనిచేస్తుంది. మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్లో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి. వీటిని వాటి సొంత సైట్ల నుంచే తెచ్చుకోండి. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ప్రకటనల మీద నొక్కకండి, ఉచిత వైరస్ రిమూవర్ అని వెతికేవాళ్ల కోసమే కొందరు అక్కడ కాచుకుని ఉంటారు.

అన్నీ అయ్యాక నెట్ ఉన్నా సైట్లు తెరుచుకోకపోతే ప్రాక్సీ, అంటే మనకూ నెట్‌కూ మధ్యలో నిలబడే సర్వర్, సంగతి చూడండి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ప్రాక్సీ. మీరు పెట్టని ప్రాక్సీ సర్వర్ ఆన్‌లో ఉంటే ఆపేయండి.

ఫోన్ చేసి ఉంటే, డబ్బు పోయి ఉంటే

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంట్లో తిడతారని దాచిపెట్టిన ప్రతి గంటా దొంగకే లాభం. 1930కి ఫోన్ చేయండి. దేశమంతటికీ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అదే. ఎంత తొందరగా చెబితే, డబ్బు చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాయండి. ఖాతా పార్వతీపురంలోనో పాతపట్నంలోనో తెరిచినా, మీరుండేది ఒడిశాలో కాబట్టి రాష్ట్రం అడిగిన చోట ఒడిశా ఎంచుకోండి.

బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. బ్యాంకు నంబరు పాస్‌బుక్ మీదనో కార్డు వెనకనో చూడండి, గూగుల్‌లో వెతికి దొరికిన నంబరుకు చేయకండి. మన పొరపాటు వల్ల వివరాలు బయటపడినా సరే, బ్యాంకుకు చెప్పిన తర్వాత జరిగే అనధికార లావాదేవీల నష్టం బ్యాంకుదే అని 2017 జులై 6 నాటి సర్క్యులర్‌లో రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. కాబట్టి ఫిర్యాదు నంబరు, చెప్పిన టైమ్ రాసి పెట్టుకోండి, వచ్చిన ఎస్సెమ్మెస్ చెరపకండి.

దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి యాప్ వాడు పెట్టించి ఉంటే కంప్యూటర్ నుంచీ ఫోన్ నుంచీ తీసేయండి. అవి మంచి యాప్‌లే గానీ దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే అవుతుంది. పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి, ముందు ఈమెయిల్‌ది, తర్వాత బ్యాంకుది. ఆ కంప్యూటర్‌లో కాదు, వాడు ముట్టుకోని వేరే ఫోన్‌లో మార్చండి.

కొన్నాళ్లకు ఇంకొకడు ఫోన్ చేసి "మీ డబ్బు రిఫండ్ ఇస్తాం" అంటాడు. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు చేతులు మారుతుంటాయి. ఫోన్ పెట్టేయండి.

మళ్లీ రాకుండా

మన సరిహద్దు ఊళ్లలో ఇది వచ్చే దారుల్లో సినిమా సైట్ల తర్వాత నేను ఎక్కువగా చూసేది టైపింగ్ సాఫ్ట్‌వేర్. తెలుగు పెళ్లి శుభలేఖకు అను ఫాంట్లు కావాలి, ఒడియా అప్లికేషన్‌కు ఆకృతి అనే సాఫ్ట్‌వేర్ కావాలి. రెండూ డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్లే. కొనలేక "ఫ్రీ డౌన్‌లోడ్, క్రాక్‌తో" (అంటే లైసెన్స్ తాళం విరగ్గొట్టింది) అని ఉన్న చోటు నుంచి తెస్తారు. "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపండి" అని ఆ పేజీలోనే రాసి ఉంటుంది. కాపలాను పంపేసి దొంగను పిలవమని అడుగుతున్నారన్నమాట.

మామూలు ఉత్తరాలకు, దరఖాస్తులకు అవి అక్కర్లేదు. విండోస్‌లోనే తెలుగు, ఒడియా కీబోర్డులు ఉన్నాయి. 2019లో వచ్చిన అప్‌డేట్ నుంచి ఫొనెటిక్ కీబోర్డులు కూడా ఉన్నాయి, ఇంగ్లీషు అక్షరాలతో అమ్మ అని కొడితే తెలుగులో పడుతుంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి భాషను చేర్చుకోవడమే.

పిల్లలకూ పెద్దలకూ విడివిడిగా అకౌంట్లు పెట్టండి, పిల్లలది స్టాండర్డ్ అకౌంట్‌గా ఉంచండి. ఏది ఇన్‌స్టాల్ చేయాలన్నా మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇంకా విండోస్ 7 నడుపుతుంటే దానికి 2020 జనవరి 14తోనే సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 10కు కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. కుదిరితే 11కు మారండి.

ఇంకా పోకపోతే

ఇన్ని చేసినా మళ్లీ వస్తుంటే విండోస్‌ను కొత్తగా వేసుకోవడమే మేలు. ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు, పొలం కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, ప్రోగ్రామ్ ఫైళ్లు మాత్రం తీసుకోకండి. సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి రీసెట్ దిస్ పీసీ నొక్కి, రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకోండి. ఆ పెన్‌డ్రైవ్‌ను కొత్త విండోస్‌లో తెరిచే ముందు డిఫెండర్‌తో స్కాన్ చేయండి.

షాపుకే ఇవ్వాలనుకుంటే ముందు ఈ కాపీలు తీసుకుని, బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు చెరిపి ఇవ్వండి. క్రాక్ చేసిన విండోస్, క్రాక్ చేసిన యాంటీవైరస్ వేయవద్దని గట్టిగా చెప్పండి. ఇంటికి తెచ్చాక సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ తెరిచి విండోస్ లైసెన్స్ సంగతి చూడండి. తర్వాత విండోస్ సెక్యూరిటీలో సెట్టింగ్స్, అందులో మేనేజ్ ప్రొవైడర్స్ నొక్కితే యాంటీవైరస్‌గా ఏది పనిచేస్తోందో పేరుతో సహా కనిపిస్తుంది. అక్కడ మీకు తెలియని పేరుంటే అదెందుకు వేశారో అడగండి, సరైన జవాబు రాకపోతే తీయించండి.